మొదటి బండి: మేనల్లుడికి మెకానిక్ మామయ్య చెప్పే మాటలు

అల్లుడూ,

బీటెక్‌లో సీటొచ్చింది కాబట్టి బండి కొనాల్సిందేనని ఇంట్లో పట్టుబట్టావట. మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు అడిగే బళ్ళ పేర్లు నాకు నోరు తిరగట్లేదు అన్నయ్యా, నువ్వే చూసి చెప్పు" అంది. నువ్వు పంపిన జాబితా చూశాను. కేటీఎం డ్యూక్ 200, యమహా ఆర్15, క్లాసిక్ 350. మూడూ మంచి బళ్ళే, మూడిటినీ విప్పి బిగించిన చేతులివి. అయితే మంచి బండి ఎంచడం వేరు, కొత్తగా నేర్చుకునేవాడికి బండి ఎంచడం వేరు. రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 రోజుల నుంచి మన తెనాలి షెడ్డుకి వచ్చిన బళ్ళనీ, వాటిని తోసుకుంటూ వచ్చిన కుర్రాళ్ళనీ చూసి తెలుసుకున్నవి వరసగా రాస్తున్నాను. నిదానంగా చదువు. ఐదోది మీ అమ్మకి కూడా చదివి వినిపించు.

1. మొదటి బండి నేర్చుకోడానికి

మొదటి ఏడాది బండి మీద నీ బుర్రకి ఒక్క క్షణం తీరిక ఉండదు. ఎడమ చెయ్యి క్లచ్ మీద, ఎడమ కాలు గేరు మీద, కుడి చెయ్యి ఎక్సలేటర్‌కీ ముందు బ్రేకుకీ మధ్య, కుడి కాలు వెనక బ్రేకు మీద. ఇవి నాలుగూ నాలుగు పనులు చేస్తుండగా కళ్ళు రోడ్డునీ, అద్దాన్నీ, అడ్డమొచ్చే కుక్కనీ చూసుకోవాలి. కొన్నాళ్ళకి చేతులూ కాళ్ళూ నువ్వు చెప్పకుండానే పని చేసుకుపోతాయి. అప్పటిదాకా నీ తడబాటుని ఓర్చుకునే బండి కావాలి.

హీరో స్ప్లెండర్ 97.2 సీసీ, సుమారు ఎనిమిది హార్స్‌పవర్. డ్యూక్ 200 సుమారు పాతిక. గతుకులో బండి ఎగిరినప్పుడు కొత్తవాడి కుడి మణికట్టు తెలియకుండానే వెనక్కి తిరుగుతుంది. స్ప్లెండర్ అయితే కాస్త రొద పెట్టి ఊరుకుంటుంది. డ్యూక్ అయితే ముందుకి ఉరుకుతుంది. ఉరికేసరికి భయంతో హ్యాండిల్ ఇంకా బిగబట్టుకుంటాడు, బిగబట్టిన చెయ్యి ఎక్సలేటర్‌ని ఇంకాస్త తిప్పుతుంది. ముందు లైటు పగిలి, ఫోర్కు వంగి షెడ్డుకొచ్చే కొత్త బళ్ళ వెనక ఎక్కువసార్లు విన్న కథ ఇదే.

చిన్న బండయితే ప్రమాదం లేదని అనుకోకు. వంద సీసీ బండి కూడా ఎనభైలో పోతుంది, ఎనభైలో పడితే ఏ బండయినా ఒకటే. చిన్న బండి నీకిచ్చేది కాస్త వ్యవధి. తప్పు జరిగిందని తెలిసి సర్దుకోడానికి అర సెకను ఎక్కువ దొరుకుతుంది. నీకు 100 నుంచి 125 సీసీ చాలు. 150 దాకా ఒప్పుకుంటాను, అదీ కింద చెప్పినవన్నీ చూసుకున్నాక. ఆర్15 మీద మోజు ఉంటే ఉండనీ. రెండేళ్ళ తర్వాత కొనుక్కుందువుగాని, అప్పటికి దాని విలువ నీకే బాగా తెలుస్తుంది.

2. ఎక్కి చూసేముందు తోసి చూడు

షోరూమ్‌కి వెళ్ళినవాళ్ళు ముందు ఎక్కి కూర్చుంటారు, తర్వాత అద్దంలో చూసుకుంటారు. నువ్వు వెళ్ళగానే బండిని సెంటర్ స్టాండు మీంచి దింపు. పక్కన నిలబడి పది అడుగులు వెనక్కి నెట్టు. మలుపు తిప్పి మళ్ళీ స్టాండు వెయ్యి. ఆయాసం రాకుండా, ఎవరి సాయం లేకుండా ఇది చేయగలిగితే అప్పుడు ఎక్కి కూర్చో.

స్ప్లెండర్ 112 కిలోలు, క్లాసిక్ 350 195 కిలోలు. ఎనభై మూడు కిలోల తేడా అంటే బండి మీద ఇంకో మనిషి ఎప్పుడూ కూర్చుని ఉన్నట్టు లెక్క. రోడ్డెక్కి కదిలాక ఆ బరువు పెద్దగా తెలియదు. పెట్రోలు బంకు క్యూలో, రైల్వే గేటు దగ్గర ఏటవాలులో, కాలేజీ పార్కింగులో తెలుస్తుంది. కొత్తవాళ్ళు బండిని పడేసేది చాలామటుకు ఇలాంటి చోటే, అసలు వేగం లేనప్పుడే. ఒక పక్కకి కొంచెం ఒరిగిందా, వంద కిలోల బండిని తొడతో ఆపగలవు. రెండొందల కిలోల బండి ఆగదు, కాలు మీద పడుతుంది. వేడి సైలెన్సర్ వైపు పడితే పిక్క కాలుతుంది కూడా.

ఇక సీటు ఎత్తు. స్ప్లెండర్ 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 805, ఆర్15 815. కాగితం మీద ఒకటి రెండు అంగుళాలే. కానీ సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కకి జరిగి కాలు ఇంకా పైకి లేస్తుంది, అందుకని అంకెలు చూసి తేల్చుకోకూడదు. రోజూ వేసుకునే చెప్పులతోనో బూట్లతోనో కూర్చుని చూడు. రెండు పాదాలూ మడమల దగ్గర్నుంచి ఆనితే మేలు. కనీసం ముందు సగం గట్టిగా ఆనాలి. వేళ్ళ కొసలు మాత్రమే ఆనితే ఆ బండి నీకిప్పుడు వద్దు, అంతే.

గేర్లు కూడా అడిగి తెలుసుకో. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకి తొక్కుతూ పోవాలి, వెనక మడమతో తొక్కితే తగ్గుతాయి. పల్సర్ లాంటి వాటిలో మొదటిది కిందకి, మిగతావి పైకి. పాత బుల్లెట్లకైతే గేరు కుడి కాలికీ బ్రేకు ఎడమ కాలికీ ఉండేవి. అది నేర్చిన పెద్దవాళ్ళు వేరే బండెక్కి, బ్రేకనుకుని గేరు తొక్కేవాళ్ళు. కంగారులో కాలు తనకి అలవాటైనదే చేస్తుంది. అందుకని ఏ బండి కొనబోతున్నావో ఆ వరస బండి మీదే నేర్చుకో.

3. నీ దారిని చూసి బండిని చూడు

నువ్వు రోజూ పోయేది గుంటూరు రోడ్డు, అప్పుడప్పుడు అమ్మమ్మ గారి ఊరికి కాలవ కట్ట. రేస్ ట్రాక్ కాదు, కొండ ఘాటూ కాదు. నీ దారిలో ఏముంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో.

కోతల కాలం వస్తే రోడ్డుకి సగం దాకా వడ్లు ఆరబోస్తారు, ఎండాకాలం మొక్కజొన్న. గింజల మీద టైరు నిలవదు, గోళీల మీద కాలేసినట్టే. దాని మీద బ్రేకు నొక్కినా, హ్యాండిల్ తిప్పినా చక్రం పక్కకి లాగేస్తుంది. ముందే వేగం తగ్గించుకుని, తిన్నగా, బ్రేకు ముట్టుకోకుండా దాటాలి. రాత్రిపూట ఆ పోగుల మీద నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. లైటు వెలుగులో పట్టా రోడ్డులాగే నల్లగా కనిపిస్తుంది, రాయి దగ్గరికొచ్చేదాకా తెలియదు. నాట్ల కాలంలో ట్రాక్టర్లు దమ్ము చేసి కేజ్ వీల్సుతోనే రోడ్డెక్కుతాయి. అవి వదిలిన రేగడి మట్టి మీద తొలి చినుకు పడిందంటే నడిచేవాడికే కాలు నిలవదు. తెల్ల గీతలు లేని స్పీడ్ బ్రేకర్లు, సాయంత్రం ఇళ్ళకి మళ్ళే గేదెలు సరేసరి.

ఈ దారికి కావాల్సింది నిటారుగా కూర్చుని దూరం చూడనిచ్చే సీటు, వెడల్పాటి హ్యాండిల్, గతుకుల్ని మింగే షాకబ్జర్లు, మంచి లైటు. ఆర్15 మీద ముందుకి వంగి కూర్చోవాలి, బరువంతా మణికట్ల మీద పడుతుంది. ఆ కూర్చునే తీరు వేగంగా పోవడానికి చేసింది. కాలవ కట్ట మీద పది కిలోమీటర్లు పోయేసరికి నీ చేతులే చెబుతాయి.

బ్రేకుల సంగతి ఇక్కడే చెప్పాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి. 125, అంతకు లోపు బళ్ళకి సీబీఎస్ ఉంటే చాలని అప్పటి నిబంధన. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. ఏబీఎస్ అంటే ఎంత గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా అది చూసుకుంటుంది. భయంలో మొత్తం బలంతో నొక్కేసే కొత్తవాడికి ఏబీఎస్ గొప్ప సాయం. 150 దాకా ఒప్పుకుంటానన్నది అందుకే. కానీ వడ్ల మీదా బురద మీదా టైరుకి పట్టే లేనప్పుడు ఏబీఎస్ ఏమీ చేయలేదు, ఆగే దూరాన్ని తగ్గించలేదు.

ఒక లెక్క చూడు. అరవైలో పోతున్నావు. అడ్డం ఏదో వచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ ఒక్క సెకనులో బండి దాదాపు పదిహేడు మీటర్లు పోయింది. బ్రేకు ఇంకా మొదలే కాలేదు. నలభైలో అయితే పదకొండు మీటర్లు. బ్రేకు పట్టాక వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. బండి ఎంత వేగం పోతుందని అడగని కుర్రాడు లేడు. ఎంత దూరంలో ఆగుతుందని నన్నడిగినవాళ్ళు చాలా తక్కువ, నువ్వు ఆ తక్కువ మందిలో ఉండాలి.

4. హెల్మెట్ డబ్బులు ముందు పక్కన పెట్టు

బండి బడ్జెట్ ఎంతని మీ నాన్న అడిగితే, అందులో హెల్మెట్, చేతి గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు తీసేసి మిగిలింది చెప్పు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది టూవీలర్ల మీద పోయినవాళ్ళు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ఈ చివరి అంకె మళ్ళీ చదువు. నీకొకటి కొంటే నీ వెనక కూర్చునేవాళ్ళకీ ఒకటి కొను.

ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 4151 అని ఉండాలి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనిది అమ్మడమే నేరం. అయినా రోడ్డు పక్కన అమ్ముతూనే ఉన్నారు. లోపల బట్ట లేపి చూడు. గట్టి థర్మోకోల్ పొర ఉంటే సరే, ఉత్త స్పాంజి ఉంటే అక్కడే పెట్టేసి వచ్చెయ్. తలకి పెట్టుకుని, బెల్టు బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి లేపమని పక్కవాడికి చెప్పు. ఊడి వచ్చిందంటే అది నీ సైజు కాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర నలిగిపోయి ఉంటుంది. దాన్ని మళ్ళీ వాడకు.

5. డబ్బు, కాగితాలు

ఇది మీ అమ్మకి.

బోర్డు మీద రాసిన ధర షోరూమ్ ధర. ఇంటికొచ్చేసరికి దాని మీద లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలుస్తాయి. ఆన్‌రోడ్ ధరని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. హ్యాండ్లింగ్ చార్జీలని ఏదైనా కనిపిస్తే అది దేనికో అడగండి, జవాబు లేకపోతే తీసేయమనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ళకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, అంతకన్నా పెద్దవాటికి 40 అయింది.

కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్ళకి ఒకేసారి కట్టాలి. ఇది 2018 సెప్టెంబరు నుంచి ఉన్న నిబంధన. 2022లో పెట్టిన రేట్లలో 75 నుంచి 150 సీసీ వాటికి 3,851 రూపాయలు, 150 దాటి 350 దాకా 7,365 రూపాయలు. ఆర్15 ఇంజను 155 సీసీ. ఆ ఐదు సీసీలకి పై తరగతిలోకి పోతుంది.

ఇక మన ఇళ్ళలో ఎవరూ చూడని సంగతి. ఇన్సూరెన్స్‌తో పాటు వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ బండి ఎవరి పేరున ఉందో వాళ్ళకే, అదీ లైసెన్సు ఉండి నడుపుతుంటేనే. బండి అమ్మ పేరున రాయించి కొడుకు నడిపితే, ఆ కవర్ కొడుక్కి వర్తించదు. అమ్మ పేరున ఉంటే వాడు అదుపులో ఉంటాడని చాలామంది అలా రాయిస్తారు. వాడికి పద్దెనిమిది నిండాయి, బండి వాడి పేరునే రాయించు చెల్లాయ్. మీ పేరునే ఉంచాలనుకుంటే వాడికి విడిగా యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి.

6. పాత బండి కొనడానికి సిగ్గుపడకు

నేర్చుకునేవాడి బండి ఒకటి రెండుసార్లు కింద పడుతుంది. కొత్త బండి మీద గీత పడితే మనసు కూడా పాడవుతుంది. అందుకని మూడు నాలుగేళ్ళు వాడిన 125 సీసీ బండి దొరికితే సంతోషంగా తీసుకో. కానీ చూడ్డం తెలిసి చూడాలి.

పొద్దున్నే వెళ్ళు. వస్తున్నానని చెప్పి, స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పు. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉందంటే చల్లటి ఇంజను తేలిగ్గా స్టార్ట్ అవదేమోనని ముందే తిప్పి ఉంచారేమో అడుగు. స్టార్ట్ చేశాక ఎక్సలేటర్ ఇచ్చి సైలెన్సర్ వైపు చూడు. చలి పొద్దున తెల్లటి ఆవిరి వచ్చి పోతే పరవాలేదు. నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిల్ తాగుతోంది, రింగులో బోరు పనో నీ నెత్తిన పడుతుంది.

సెంటర్ స్టాండు వేసి, వెనక కూర్చుని సీటు నొక్కమని ఎవరికైనా చెప్పు. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి ఒక వేలితో మెల్లగా తిప్పు. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. ఫోర్కు గొట్టాల మీద వేలు రాస్తే నూనె తగిలిందా, ఆయిల్ సీళ్ళు పోయాయి. బండి వెనక పది అడుగుల దూరంలో గొంతుక్కూర్చుని రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడు. లేకపోతే చాసిసో ఫోర్కో వంగింది, అది ఎంత చవకైనా వద్దు.

చైనుని వెనక స్ప్రాకెట్ మీద, చివర పట్టుకుని వెనక్కి లాగు. పళ్ళ మీంచి సగం దాకా లేస్తే చైన్ సెట్టు మార్చాలి. ఆ డబ్బులు ధరలో తగ్గించమను. మీటర్ చూసి మోసపోకు. మీటరు పన్నెండు వేలు చూపిస్తూ, ఫుట్‌రెస్ట్ రబ్బర్లూ బ్రేకు పెడలూ నున్నగా అరిగి ఉంటే, ఆ రబ్బరు చెప్పేదే నిజం. క్లచ్, బ్రేకు లీవర్ల కొసలు, సైలెన్సర్ పక్క గీతలు చూస్తే బండి ఏ వైపు ఎంత గట్టిగా పడిందో తెలుస్తుంది. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో ఇరవై మూడో వారం చేసింది. అరుగుదల లేకపోయినా బాగా పాతబడిన రబ్బరు గట్టిపడి జారుతుంది.

కాగితాల్లో ముందు ఆర్సీ. చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద చదివి పోల్చుకో. ఫైనాన్స్ ఉందని ఆర్సీలో రాసి ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా డబ్బులివ్వకు. చలాన్లు ఆన్‌లైన్లో చూడు. ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని వెంటనే పేరు మార్పించుకో. కాగితాలు సంచీలో పెట్టుకుని నెలల తరబడి తిరిగేవాళ్ళు ఉన్నారు, ప్రమాదం జరిగిన రోజున కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు.

7. లైసెన్సు

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలుంటుంది. తీసుకున్న ముప్పై రోజుల తర్వాతే టెస్టుకి పిలుస్తారు. ఆ నెల రోజులూ తెల్లవారుజామున ఖాళీ మైదానంలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది వెయ్యి. నిదానంగా వెయ్యడం నేర్చుకో, హాఫ్ క్లచ్ అక్కడే వస్తుంది. ఎల్ బోర్డు పెట్టుకో. నేర్పేవాడు తప్ప ఎవరూ వెనక ఎక్కకూడదు. మీ తమ్ముడికి ఇంకా పదిహేనే, బండి వాడి చేతికివ్వకు. పిల్లలు నడిపి పట్టుబడితే 2019 చట్టం ప్రకారం పెద్దవాళ్ళకి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

8. వెనక ఎవరెక్కుతారో ఆలోచించు

నువ్వొక్కడివే నడిపేటప్పుడు ఉన్న బండి, మీ అమ్మ వెనక కూర్చున్నాక ఉండదు. ముందు చక్రం తేలికవుతుంది, ఆగే దూరం పెరుగుతుంది, మలుపులో ఒరగడం మారుతుంది. లైసెన్సు వచ్చినా కొన్ని నెలలు ఒక్కడివే నడుపు. స్పోర్ట్స్ బళ్ళ వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంటుంది, మీ అమ్మ దాని మీద చీరతో కూర్చోలేదు. వెనక చక్రానికి చీర గార్డు, పట్టుకోడానికి హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ ఉండి తీరాలని చట్టమే చెబుతోంది. అందంగా లేదని చీర గార్డు పీకించడానికి నా దగ్గరికి రావద్దు. కొంగో చున్నీనో చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో చూసినవాణ్ణి, అది తీయను.

9. కొన్నాక

మాన్యువల్లో రాసిన వేగం దాటకుండా మొదటి సర్వీసు దాకా నడుపు. చైనుకి ఐదొందల కిలోమీటర్లకోసారి నూనె పట్టించు. గాలి ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో మాన్యువల్లోనో ఉంటుంది, వారానికోసారి చల్లటి టైరులో చూసుకో. సైలెన్సర్ మార్చకు, టైరు సైజు మార్చకు, అద్దాలు తీయకు.

ఇప్పుడు నా తీర్పు. కొత్తదైతే హోండా షైన్ 125 గానీ టీవీఎస్ రైడర్ గానీ. వాడిందైతే ఇదే తరగతిలో, మీ పెద్దమ్మ వాళ్ళ వీధిలో టీచరు గారు ఒక షైన్ అమ్ముతున్నారు, ఆయన బండి సర్వీసు మొదటినుంచీ నా చేతుల మీదే జరిగింది. ఆదివారం పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్, కలిసి వెళ్ళి చూద్దాం. స్టార్ట్ చేయకుండా ఉంచమని ఆయనకి చెప్పాను. బూట్లు వేసుకుని రా, ఆధార్ కార్డు తెచ్చుకో. బండిని తోసేదీ, హ్యాండిల్ తిప్పి చూసేదీ, చైను లాగి చూసేదీ నువ్వే. నేను పక్కన నిలబడతాను.

మీ మామయ్య